సిద్ధూ మూసేవాలాను పాటతోనే తలుచుకోనివ్వండి

సంపాదకుల వారికి,

ఏటా మే 29 వచ్చిందంటే పంజాబీ గాయకుడు సిద్ధూ మూసేవాలా పేరు మన పత్రికల్లో ఒకసారి కనిపిస్తుంది. తూటాలెన్ని, ఏ ముఠా పని, కేసు ఎంతవరకు వచ్చింది అన్నంతవరకే ఆ వార్త. పాట ఊసు ఉండదు. పక్కనే అభిమానులు పాటలు పెట్టుకుని తొడలు చరుస్తూ చిందులేస్తున్న ఫొటో ఒకటి వేస్తారు. అది చూసి 'చావు రోజున ఈ సంబరమేమిటి' అని ముక్కున వేలేసుకునేవాళ్లు చాలామంది. ఆ సంబరం లోపల ఉన్న దుఃఖాన్ని పాఠకులకు తెలియజేయాలని, మన ఊళ్లలో ఆయన సంస్మరణ సభ పెట్టుకునేవాళ్లకు నాలుగు పనికొచ్చే మాటలు చెప్పాలని ఈ లేఖ.

ముందుగా పేరు. 'మూస్ వాలా' అని రాయడం తప్పు. ఆయన ఊరు పంజాబ్‌లోని మాన్సా జిల్లాలో మూసా. ఆ పేరుకు 'వాలా' చేరితే చివరి 'ఆ' కాస్తా 'ఏ' అవుతుంది, మూసేవాలా. అంటే మూసా ఊరివాడు. ఊరి పేరే ఇంటిపేరైన కుటుంబాలు మన దగ్గర కోకొల్లలు, ఈ సంగతి మనకు వేరే చెప్పక్కర్లేదు. అసలు పేరు శుభ్‌దీప్ సింగ్ సిద్ధూ, పుట్టింది 1993 జూన్ 11న. లూధియానాలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి, కెనడాలోని బ్రాంప్టన్ వెళ్లి, 2017లో 'సో హై' పాటతో ఊరూవాడా మోగిపోయాడు. ఇరవై తొమ్మిదో పుట్టినరోజు ఇంకా పదమూడు రోజులుందనగా, 2022 మే 29న సొంత జిల్లాలోని జవాహర్కే దగ్గర కాల్చి చంపారు. 424 మందికి ప్రభుత్వం భద్రత తగ్గించిన మర్నాడే అది.

రెండు రోజుల తర్వాత జరిగిన అంతిమయాత్రను గుర్తు చేసుకుంటే ఆ చిందుల అర్థం తెలుస్తుంది. ఆయనకు ప్రాణమైన హెచ్ఎంటీ 5911 ట్రాక్టర్ మీదే శవాన్ని తీసుకెళ్లారు. తన సొంత రికార్డు కంపెనీకి కూడా ఆ ట్రాక్టర్ నంబరే పెట్టుకున్న మనిషి మరి. తల్లి చరణ్ కౌర్ జుట్టు దువ్వి ముడి వేసింది, తండ్రి బల్కౌర్ సింగ్ ఎర్ర తలపాగా చుట్టాడు, పెళ్లికొడుకులా ముఖం మీద సరాలు వేలాడే సెహరా కట్టారు. పెళ్లి కావాల్సిన కొడుకు పోతే పంజాబీ ఇళ్లలో చేసేది ఇదే. మన పల్లెల్లోనూ కొన్ని ఇళ్లలో పెళ్లికాని కొడుకుకి జిల్లేడుతో పెళ్లి తంతు జరిపి సాగనంపుతారు. ఆ కడుపుకోత ఎలాంటిదో మనకు తెలుసు. సొంత పొలంలోనే చితి పేర్చారు. వచ్చిన జనానికి దండం పెడుతూ తండ్రి తన తలపాగా తీసి చేతుల్లో పట్టుకున్నాడు. సిక్కు మనిషి నలుగురిలో తలపాగా తీశాడంటే అంతకుమించి వంగడానికి ఇంకేమీ లేదు. ఆ తర్వాత కొడుకు స్టేజీ మీద చేసినట్టే తొడ చరిచి చెయ్యి పైకెత్తాడు.

దాన్ని అక్కడ 'థాపీ' అంటారు. కబడ్డీ కూతకు వెళ్లేముందు, కుస్తీ గోదాలో దిగేముందు తొడగొట్టడం. సిద్ధూ ప్రతి కచేరీలో చేసేవాడు. మే 29న కుర్రాళ్లు చేసేది దాని అనుకరణే, ఏడవలేక చేసే పని. పంజాబీలో చావు దగ్గర శోకాలు పెట్టే పాటలు వేరే ఉన్నాయి, వాటిని ఆడవాళ్లు పాడతారు. ఊరి మగపిల్లలకు అలాంటి పాట లేదు, సిద్ధూ పాటే వాళ్ల శోకం. దాన్ని తాగుబోతుల గోలగా చూపించకండి.

ఆయన పాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఒక్కసారి రాయండి. పంజాబ్‌లో 'ఢాడీ' గాయకులుంటారు. ఒకరు సారంగి, ఇద్దరు చేతిలో ఇమిడే చిన్న డమరుకం లాంటి 'ఢడ్' పట్టుకుని వీరగాథలు పాడతారు. మన బుర్రకథ దళం కళ్లముందు మెదులుతుంది చూస్తే. ఆ వీరగాథ పేరు 'వార్'. సిద్ధూ చనిపోయాక 2022 నవంబరు 8న, గురునానక్ జయంతి నాడు, ఇంటివాళ్లు విడుదల చేసిన పాట పేరూ అదే. మహారాజా రంజిత్ సింగ్ సేనాని హరిసింగ్ నల్వా మీద కట్టింది. అంటే ర్యాప్ అని మనం ఒక్క మాటలో తోసేసేదాంట్లో ఒక కాలు అమెరికాలో ఉంటే ఇంకో కాలు పంజాబ్‌లోని మాల్వా ప్రాంతపు పల్లెలో ఉంది. గొంతు కూడా అంతే. మాల్వా ప్రాంతపు గాయకులు గొంతు పూర్తిగా తెరిచి, పై స్థాయిలో, దాచుకోకుండా పాడతారు. పాతతరం గాయకుడు కుల్దీప్ మాణక్ పాడిన 'కలీ'లనే జానపద పాటలు విన్నవాళ్లకు ఆ గొంతు పోలిక వెంటనే తగులుతుంది. కింద బ్రాంప్టన్ కుర్రాళ్లు కట్టిన 808 బేస్ (డ్రమ్ మెషీన్ ఇచ్చే లోతైన దెబ్బ) మోగుతుంటే పైన ఆ పల్లె గొంతు నిలబడటమే ఆయన ప్రత్యేకత.

ఇక సభ సంగతి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చదువుకునే పంజాబీ పిల్లలు, వాళ్లతో కలిసిన మన పిల్లలు చిన్న హాలు తీసుకుని పాటలు పెట్టుకుంటారు. చాలాచోట్ల అది సగంలోనే చెడుతుంది, ఎక్కువసార్లు సౌండ్ దగ్గరే. 808 బేస్ అసలు బలమంతా 40 నుంచి 60 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. పెళ్లి ఊరేగింపులకు తెచ్చే డీజే బాక్సులు తీన్మార్ దెబ్బ గట్టిగా వినబడేలా 100 హెర్ట్జ్ చుట్టుపక్కల పెంచి ఉంచుతారు. వాటిలో సిద్ధూ పాట పెడితే కింది బేస్ మాయమవుతుంది, ఆ లోటు పూడ్చడానికి ఆపరేటర్ వాల్యూమ్ పెంచుతాడు, అప్పుడు పై స్థాయి గొంతు చెవిలో సూదిలా దిగుతుంది. పది నిమిషాలకు జనం బయటికి నడుస్తారు. మైకు సెట్టు హారన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, వాటిలో బేస్ అనేదే రాదు.

వంద మంది పట్టే హాలుకి 12 లేదా 15 అంగుళాల టాప్ బాక్సులు రెండు, 18 అంగుళాల సబ్ వూఫర్ ఒకటి చాలు. టాప్‌లను స్టాండు మీద ఏడడుగుల ఎత్తున, కూర్చున్నవాళ్ల తలల మీదుగా పోయేలా కొద్దిగా కిందికి వంచి పెట్టాలి. సబ్ నేల మీదే ఉండాలి, కానీ మూలకు తోయకూడదు. మూలలో పెడితే ఒకే స్వరం గూబ గుయ్యిమనేలా మోగి మిగతావి మింగేస్తుంది. గోడ వెంట, మూలకు ఆరడుగుల దూరంలో పెట్టి చూడండి. క్రాసోవర్ (సబ్‌కూ టాప్‌లకూ శబ్దాన్ని పంచే హద్దు) 90 హెర్ట్జ్ దగ్గర, 3 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఒక 3 డెసిబెల్స్ తగ్గింపు. ఆంప్లిఫయర్ మీద ఎర్ర దీపం ఒక్కసారి కూడా వెలగకూడదు. వెలిగితే శబ్దం పెరగదు, చినుగుతుంది. ముందు వరస కుర్చీలు బాక్సులకు కనీసం ఎనిమిదడుగుల దూరం. ఇదంతా జనం రాకముందు ఒక పాటతో సరిచూసుకుంటే అరగంట పని.

పాటలు ముందే డబ్బిచ్చి డౌన్‌లోడ్ చేసుకుని, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైరుతో కలపండి. బ్లూటూత్‌తో పెడితే మధ్యలో ఎవరిదో ఫోను మోగుతుంది. ఇంటర్నెట్‌లో నేరుగా పెడితే రెండు నిమిషాల మౌనం పాటించి పాట మొదలయ్యేలోపు సబ్బు ప్రకటన వస్తుంది. చనిపోయినవాడి సభలో అంతకంటే నగుబాటు లేదు. వాట్సాప్‌లో తిరిగే ఫైళ్లయితే అసలే వద్దు, నాలుగు చేతులు మారేసరికి గొంతు రేకు మీద గీసినట్టుంటుంది.

అనుమతుల విషయంలో కుర్రాళ్లు ఒకటి మరిచిపోతుంటారు. పదిమందిలో రికార్డు వినిపించాలంటే రికార్డింగ్ హక్కు ఒకటి, సాహిత్యం-బాణీ హక్కు ఇంకొకటి, రెండూ వేర్వేరు. హాలు యాజమాన్యం ఏడాదికి ఒకసారి ఈ లైసెన్సులు తీసుకుని ఉండవచ్చు, బయానా ఇచ్చేముందే కాగితం అడిగి చూడండి. ఆరుబయట అయితే స్థానిక పోలీస్ స్టేషన్లో మైకు పర్మిషన్ తప్పదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్ నిషేధం, ఆస్పత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం, ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్సే హద్దు. 808 బేస్‌తో ఆ హద్దులో ఉండటం సాధ్యం కాదు కాబట్టి మా సలహా ఎప్పుడూ తలుపులు మూసిన హాలే.

ఏ పాటలు అన్నది రుచిని బట్టి. ఎనిమిది పాటలు, పాట పాటకు మధ్య మూడేసి నిమిషాల మాట, గంటలో ముగిసిపోవాలి. 'సో హై'తో మొదలుపెట్టండి. 2018 నాటి 'పీబీఎక్స్ 1' ఆల్బమ్ నుంచి ఒకటి, బ్రిటన్ ర్యాపర్లతో చేసిన '47', 2020 రైతు ఉద్యమం నాటి 'పంజాబ్' పాట, 'వార్', నైజీరియా గాయకుడు బర్నా బాయ్‌తో కలిసి 2023లో వచ్చిన 'మేరా నా' ఉండాలి. 'ది లాస్ట్ రైడ్' దగ్గర మాత్రం జాగ్రత్త. హత్యకు రెండు వారాల ముందు, మే 15న వచ్చింది. 1996లో కారులో ఉండగా తూటాలు తగిలి, పాతికేళ్లకే పోయిన అమెరికా ర్యాపర్ టూపాక్ నీడ ఆ పాటంతా ఉంటుంది. అందరూ దాన్ని చివర పెట్టి 'తన చావు ముందే పాడుకున్నాడు' అని కథ అల్లుతారు. ఆయన జాతకం చెప్పుకోలేదు, తను ఆరాధించిన కళాకారుడికి నివాళి ఇచ్చాడు. దాన్ని మధ్యలో పెట్టండి, సభ భయంతో కాక బలంతో ముగుస్తుంది.

'295' ముందు అర్థం చెప్పకపోతే తెలుగు శ్రోతకు అది అంకెగానే మిగులుతుంది. మత విశ్వాసాలను కించపరిచారనే కేసులు పెట్టే భారత శిక్షాస్మృతి సెక్షన్ల నంబరు అది. నిజం మాట్లాడితే కేసు పడుతుందన్న బాధతో 2021లో కట్టిన పాట. 2024 జూలై 1 నుంచి ఆ శిక్షాస్మృతే పోయింది, 295ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299. చట్టంలో ఆ అర్థం పోయిన నంబరు పాటలో బతికి ఉంది. పాకిస్తాన్‌లో లారీల వెనక ఆయన బొమ్మ గీయించుకున్నారు, 2022లో ముల్తాన్ ఉప ఎన్నిక పోస్టరు మీద ఆయన ఫొటోతో పాటు ఈ నంబరూ కనిపించింది.

సాహిత్యం తెలుగు లిపిలో అచ్చువేసి పంచేవాళ్లకు ఒక మాట. పంజాబీలో ఘ, ఝ, ఢ, ధ, భ అక్షరాలు మాట మొదట్లో వస్తే మనం పలికినట్టు ఒత్తి పలకరు. 'ఘర్' అని రాసి ఉన్నా కింది స్వరంతో 'కర్' లాగా వినబడుతుంది. కాగితం చూసి గట్టిగా 'ఘర్' అని పాడితే పక్కనున్న పంజాబీ కుర్రాడు నవ్వాపుకుంటాడు. కాబట్టి చెవికి వినబడింది రాయండి. 'బాయీ' అంటే మాల్వాలో అన్న, ఆడమనిషి కాదు. 'వైర్' మన వైరమే. 'అణఖ్' అంటే పౌరుషం, ఆత్మాభిమానం రెండూ. ఆ ఒక్క మాట అర్థమైతే సగం పాటలు అర్థమైనట్టే.

ఆ భాషలో ణ, ళ రెండూ ఉన్నాయి. ఇది మనకు కలిసొచ్చే సంగతి. సిద్ధూ గొంతును కంప్యూటర్‌తో తయారుచేసిన దొంగ పాటలు కుప్పలుగా వస్తున్నాయి. వాటిలో తరచూ ణ కాస్తా న, ళ కాస్తా ల అయిపోతాయి. హిందీ చెవికి ఆ తేడా అందకపోవచ్చు, తెలుగు చెవికి ఇట్టే అందుతుంది. ఊపిరి తీసుకునే చప్పుడు లేకుండా నాలుగు చరణాలు సాగినా అనుమానించండి. అసలు పాటైతే ఆయన అధికారిక చానల్లోనే వస్తుంది, ఇంటివాళ్లు తేదీ ముందే చెబుతారు. 2025 జూన్ 11న, పుట్టినరోజు నాడు, మూడు పాటలు వచ్చింది అలాగే. మిగిలిపోయిన రికార్డింగులను ఎవరికి వారు బయటపెట్టవద్దని తండ్రి మొదట్లోనే వేడుకున్నాడు. 2022లో వేరొకరు తేదీ ప్రకటించిన ఒక పాటను మాన్సా కోర్టు ఆపింది. దొంగ పాట పెట్టి చప్పట్లు కొడితే ఆ తండ్రి మాట తోసేసినట్టే.

అన్నీ మెచ్చుకోవాలని మేము అనడం లేదు. తుపాకుల మీద ఆయన పాడిన పాటలున్నాయి, 2020లో ఆయుధాల చట్టం కింద కేసూ ఉంది. చనిపోయాక వచ్చిన 'ఎస్‌వైఎల్' పాటను 2022 జూన్ 26న మన దేశంలో యూట్యూబ్ నుంచి తీసేశారు. సట్లెజ్-యమునా కాలువ నీళ్ల గొడవ అది. కృష్ణా జలాల మీద ఇన్నేళ్లుగా కొట్లాడుకుంటున్న మనకు నీటి మీద పాట ఎందుకు పుడుతుందో తెలుసు. అయినా, 1990లో కాలువ ఇంజినీర్లను చంపిన మనిషిని ఆ పాట వీరుడిగా చూపించింది, అది మాకు మింగుడుపడలేదు. ఆ పాట సభలో పెట్టకండి. బొమ్మ తుపాకులు కూడా తేవద్దు. ఆయన్ను తీసుకుపోయింది తుపాకే, ఆ తల్లిదండ్రులు ఆ వీడియో చూస్తే ఏమనుకుంటారో ఒక్క క్షణం ఆలోచించండి. తలపాగాను వేషంగా పెట్టుకోవడమూ వద్దు. గురుద్వారాకు వెళితే రుమాలుతో తల కప్పుకుంటే చాలు. హైదరాబాద్‌లో అమీర్‌పేట, గౌలిగూడల్లో గురుద్వారాలున్నాయి, నిజామాబాద్ వైపు వాళ్లకు నాందేడ్ హజూర్ సాహిబ్ దగ్గర. లంగర్‌లో (అక్కడి ఉచిత భోజనశాలలో) పప్పు వడ్డించడానికో గిన్నెలు తోమడానికో ఒక పూట కూర్చోండి, ఎవరూ ఎందుకొచ్చావని అడగరు.

మే నెలాఖరు మన దగ్గర నిప్పుల కొలిమి. పంజాబ్‌లో ఆ ఎండల్లో దారిన పోయేవాళ్లకు తియ్యటి చల్లటి పాలనీళ్లు పోస్తారు, 'ఛబీల్' అంటారు. గురు అర్జన్ బలిదానం పేరిట పోసేది. మన చలివేంద్రానికి అన్న లాంటిది. వర్ధంతి నాడు పోయడానికి వంద గ్లాసులకు, గ్లాసు 200 మిల్లీలీటర్ల చొప్పున, లెక్క ఇది. పాలు 4 లీటర్లు, తాగే నీళ్లు 11 లీటర్లు, గులాబీ సిరప్ ఒకటిన్నర లీటరు, ఐసు 4 కిలోలు. పాలు కాచి పూర్తిగా చల్లార్చాలి. ఈ సిరప్పుల్లో సాధారణంగా పులుపు కలిపి ఉంటుంది, వేడి పాలు తగిలితే విరిగిపోతుంది. ముందు నీళ్లలో సిరప్ కలిపి, తర్వాత పాలు పోసి, చివర ఐసు వేయండి. మొత్తం ఒకేసారి కలపకుండా ఐదేసి లీటర్లు కలుపుకోండి. ఆ ఎండలో రెండు గంటలు దాటిన పాలనీళ్లు ఎవరికీ ఇవ్వకూడదు. చేపలకోసం చేసే ఐసు దిమ్మ చవగ్గా వస్తుందని కొట్టించుకొచ్చి పొట్టలు పాడుచేసినవాళ్లున్నారు. తాగేనీటితో చేసిన ఐసు క్యూబులే కొనండి. నానబెట్టిన సబ్జా గింజలు 100 గ్రాములు వేస్తే మనవాళ్లు ఇంకో గ్లాసు అడుగుతారు.

మాన్సా ధాన్యం మార్కెట్లో 2022 జూన్ 8న జరిగిన అంతిమ అర్దాస్‌లో (ప్రార్థన సభలో) తల్లి ఒక కోరిక కోరింది, తన కొడుకు పేరున తలా ఒక మొక్క నాటమని. ఆమె మాట విని మన పిల్లలు మే 29నే నాటేస్తున్నారు, వారం తిరక్కుండా మాడిపోతున్నాయి. ఆ రోజు గోతులు మాత్రం తీయండి, అడుగున్నర పొడవు, వెడల్పు, లోతు. తీసిన మట్టిని పక్కన ఎండనివ్వండి, పురుగులు చస్తాయి. తొలకరి పడ్డాక, జూన్ 11 పుట్టినరోజు దాటాక, రెండు తట్టల పశువుల ఎరువు ఆ మట్టిలో కలిపి వేపో కానుగో నాటండి. వాన మొహం చాటేస్తే వారానికి రెండుసార్లు మొక్కకో బిందె నీళ్లు పోయాలి. మీ పత్రిక వచ్చే వర్ధంతికి పాటల మీద అరపేజీ ఇవ్వగలిగితే, పంజాబీ మాటల అర్థాలు, సరైన ఉచ్చారణ మేమే రాసి పంపుతాం.

ఇట్లు,
పంజాబీ పాటల శ్రోతలు కొందరు,
హైదరాబాద్